గట్టు దాటని పొట్టేలు

"ఈ గట్టు దాటేలోగా పట్టుకుంటే పొట్టేలు మీది. దాటిందా, దొరగారిది. గడ్డికోతలు ముగిశాక ఏటా ఉండే ఆనవాయితీయేగా!" అంటూ తాడు వదిలేశాడు దొరగారి పెత్తందారు రానుల్ఫ్. మందలోకెల్లా పొగరుబోతుదాన్ని తనే ఏరి తెచ్చాడు.

మగాళ్ళంతా కొడవళ్ళు పారేసి వెంటపడ్డారు. పొట్టేలు ఇద్దర్ని కుమ్మి, మూడోవాణ్ణి వాగులోకి తోసింది. రానుల్ఫ్ పొట్ట పట్టుకుని నవ్వాడు.

గడ్డి కుప్పలేస్తున్న గోల్డా పని ఆపి గడ్డిలో చతికిలబడింది. "ఒరేయ్ హాబ్, ఇక చాల్లే, ఇలా రా!"

పొట్టేలు నెమ్మదిగా నడిచొచ్చి ఆమె ఒళ్ళో తల పెట్టింది.

రానుల్ఫ్ నవ్వు ఆగిపోయింది. "నీకెలా తెలుసే ఇది?"

"పోయినేడు మా ఆయన చచ్చిపోతే, ఇంట్లో ఉన్న జీవాల్లో మంచిది దొరగారికి చెల్లాలని దీన్ని మీరే లాక్కెళ్ళారు కదా అయ్యగారూ," అంది గోల్డా, దాని చెవులు నిమురుతూ. "నిజమే, చాలా మంచిది."