కాటా గదిలో నల్ల తెర

"మళ్ళీ నల్లగానే ఉంది కదమ్మా!"

కాటా యజమాని వేంకటేశప్ప కేక గది దాటి రోడ్డు మీదికి వినబడింది. నందిత తల ఎత్తలేదు. కంప్యూటర్ తెర మీద ఒక మూల చిన్న తెల్ల గీత మినుకుమినుకుమంటోంది. అంతే. నిన్న పొద్దున్నుంచి దానికి వేరే పని లేదు.

బయట మామిడికాయల లారీలు సోగత్తూరు మలుపు దాకా నిలిచిపోయాయి. లారీ కాటా ఎక్కాలి, కంప్యూటర్ బరువు చీటీ ఇవ్వాలి. ఆ చీటీ లేనిదే జ్యూస్ ఫ్యాక్టరీవాళ్ళు గేటు తెరవరు. ముందు లారీ డ్రైవర్ కందసామి హారన్ మీద నుంచి చెయ్యి తీయడం లేదు.

"సీక్రం అమ్మా, సీక్రం! అడుగు కాయంతా రసమై కారిపోతా ఉంది!"

"కొత్త సిస్టం వేయిస్తే గాలి మాదిరి పరిగెత్తుతాదని చెప్పింది ఎవరు? నువ్వే కదా?" అన్నాడు వేంకటేశప్ప. "పాతది నిదానంగానైనా నడస్తా ఉండె. ఇప్పుడు లేచేదే లేదు."

చెప్పింది నందితే. పాత సిస్టంకి కాలం చెల్లిందని తెర రోజూ గోల పెడుతుంటే, యజమానిని బతిమాలి, కంప్యూటర్ డబ్బాను ధర్మపురికి మోసుకెళ్ళి, మాదేష్ షాపులో కొత్తది వేయించుకొచ్చింది. మంచికి పోతే ఇలా మెడకు చుట్టుకుంది. ఆమె మాదేష్‌కు ఫోన్ చేసింది.

"అన్నా, ఇంకా రాలేదు."

"ఎట్ల రాదమ్మా? రెండు తూర్లు ఈడికి తెస్తివి. రెండు తూర్లూ నీ కళ్ళ ముందరే తెరుచుకొనింది. డబ్బాలో తప్పు లేదు. ఆడికి పోతే ఎందుకు మొరాయిస్తాదో నాకే అర్థం కాలేదు."

బస్టాండు పక్కన షాపులో బుద్ధిగా తెరుచుకునే కంప్యూటర్ ఈ గదిలోకి రాగానే మొండికేస్తోంది. వైర్లు మార్చారు. ప్లగ్గు మార్చారు. వేంకటేశప్ప బల్లను తూర్పుకు తిప్పించాడు, గుమ్మానికి నిమ్మకాయ కట్టించాడు. కంప్యూటర్ దేనికీ లొంగలేదు.

"కడసారిగా ఇంకొక్క తూరి చూడు. పద్ధతిగా చెయ్యి," అన్నాడు వేంకటేశప్ప.

ఆ గదిలో పద్ధతి అంటే ఒకటే. దేవుడు ముందు, కరెంటు తర్వాత. తీర్థమలై కొండ కింద కొన్న స్వామి పాటల పెండ్రైవు ఎర్రదారంతో పటం ముందు ఉంటుంది. దాన్ని తెచ్చి కంప్యూటర్‌కు గుచ్చి, చేతులు జోడించి, ఆ తర్వాతే స్విచ్చి వెయ్యాలి. పాట మోగాకే మొదటి లారీ కదలాలి. కాటా పెట్టిన నాటి నుంచి ఈ వరస ఒక్క రోజూ తప్పలేదు.

నందిత కంప్యూటర్ ఆర్పి, పెండ్రైవు తీసి మళ్ళీ గుచ్చింది. కళ్ళు గట్టిగా మూసుకుంది. 'ఈ పని ఒక్కటి నిలబెట్టు సామీ. అమ్మ వెంబడి చెనిక్కాయ చేలో కలుపుకు పోవాలంటే నా వల్ల కాదు.' స్విచ్చి వేసింది.

తెల్ల గీత మినుకుమంది.

కందసామి లారీ వెనక్కి తిప్పడం మొదలుపెట్టాడు. "వేరే కాటాకు పోతాం!" అని అరిచాడు. దాంతో వేంకటేశప్పకు ఉన్న కాస్త ఓపికా పోయింది.

"లే పాపా. కుర్చీ వదులు. నీ చెయ్యి దీనికి ఒప్పలేదు. రేపటి నుంచి రావద్దు."

"అయ్యా, ఈ పొద్దు ఒక్కటి..."

"స్వామి పెండ్రైవు నా చేతికిచ్చి పో. ఇంత దరిద్రంలో ఆయన కూడా ఈడ వద్దు."

నందిత దాన్ని పీకి ఆయన అరచేతిలో పెట్టింది. సద్దిడబ్బా తీసుకుని గడప దాటింది. డ్రైవర్లు చూస్తున్నారని తల వంచుకుని నడిచింది.

గేటు దగ్గరికి చేరిందో లేదో, వెనక పెద్ద కేక. వేంకటేశప్ప కోపంతో స్విచ్చి ఆర్పి, మళ్ళీ ఒక్క గుద్దు గుద్దినట్టున్నాడు. గదిలో తెర వెలిగిపోతోంది.

"చూస్తిరా! ఆ పాప గడప దాటింది, మిషను తెరుచుకొనింది!"

డ్రైవర్లు ఈలలు వేశారు. కందసామి లారీ మళ్ళీ కాటా వైపు మళ్ళింది. నందిత గేటు పట్టుకుని నిలబడిపోయింది. నిజంగా తన చేతిలోనే దోషం ఉందా? ఆ క్షణాన ఆమె కూడా నమ్మేసింది.

ఫోన్ మోగింది. మాదేష్.

"అమ్మా, ఒకటి అడిగేది మరిచిపోయినాను. దానికి పెండ్రైవు ఏమన్నా గుచ్చినారా? కొత్త సిస్టం వేసేటప్పుడు నేనొక సెట్టింగ్ మార్చి అట్లనే విడిచిపెట్టినట్టుండాను. స్విచ్చి వేస్తానే అది ముందు పెండ్రైవులోనే సిస్టం వెతుకుతాది. ఆడ ఉట్టి పాటలుంటే దిక్కు తెలీక నిలిచిపోతాది. పెండ్రైవు పీకేసి వేయండి, చాలు."

నందిత గిరుక్కున వెనక్కి తిరిగింది. కిటికీలోంచి వేంకటేశప్ప కనిపిస్తున్నాడు.

"ఆగండప్పా! దేవుని పాట లేకుండా మొదటి బండి ఎక్కేది లేదు. మొదట్నించి పద్ధతిగా చేస్తాము!" అని అరుస్తూ కంప్యూటర్ ఆర్పేశాడు. ఎర్రదారం పెండ్రైవును కళ్ళకు అద్దుకున్నాడు. భక్తిగా గుచ్చాడు. చేతులు జోడించాడు.

నందిత సద్దిడబ్బాను గేటు పక్కన రాతి మీద పెట్టి, తానూ కూర్చుంది.

"ఏమ్మా, లైన్లో ఉండావా?" అన్నాడు మాదేష్.

"ఉండాను. ఫోను పెట్టేయ్ అన్నా. అయ్య ఇప్పుడు నన్ను పిలుస్తాడు."