మూడో చెరువు నీళ్ళు

"మధ్యకెళ్ళి పట్టండి. ఒడ్డున వద్దు," అంది యమున, నంబర్లు వేసిన రెండు తెల్లసీసాలు దేవేంద్ర చేతికిస్తూ. ఆమె చేపల చెరువుల మీద నిఘాకి వేసిన జిల్లా కమిటీ తరఫున వచ్చింది.

చెరువుల యజమాని నరసింగరావు లోలోపలే నవ్వుకున్నాడు. మధ్యకే కదా వెళ్ళేది. తనిఖీకి వచ్చిన ఏ అధికారీ ఇంతవరకూ తెప్ప ఎక్కలేదు. రోజూ మేత చల్లే దేవేంద్రే తెప్ప నెట్టుకుంటూ పోయి సీసాలు నింపుకొస్తాడు. అధికారులు గట్టు మీద నించుని సీలు వేస్తారు. ఆ తెప్ప మీద, తవుడు బస్తాల వెనక, ఇవాళ ఒక మంచినీళ్ళ డబ్బా ఉంది. సీసాల్లో ఆ నీళ్ళే పొయ్యమని దేవేంద్రకి తెల్లవారుతూనే చెప్పాడు.

గట్టు కింద తన మడి దగ్గర నిలబడి కూర్మయ్య ఇటే చూస్తున్నాడు. ఎకరన్నర రైతు. చెరువుల్లో కోళ్ళ పెంట వేస్తున్నారనీ, ఆ ఊట దిగి తన బావి నీళ్ళు పాడయ్యాయనీ కలెక్టరాఫీసులో నాలుగుసార్లు అర్జీ పెట్టాడు. దాంతో నరసింగరావు ఆరు చెరువుల లైసెన్సూ ఆగిపోయింది. ఈ పరీక్షలో నీళ్ళు బాగున్నాయని తేలితే చెరువులుంటాయి, లేకపోతే మూత పడతాయి.

అయితే చెరువులు నిలబడితే చాలదు నరసింగరావుకి. కూర్మయ్య కూలబడాలి. అబద్ధపు అర్జీలు పెట్టి పరువు తీశాడని కేసు వేయడానికి ఆమదాలవలస లాయరు చేత కాగితాలు రాయించే పెట్టాడు. వాయిదాలకి తిరిగి తిరిగి కూర్మయ్య ఆ మడి అమ్ముకోవాలి. దాన్ని తనే కొనాలి. కొని, ఆ బావి పూడ్చి, దాని మీదే ఏడో చెరువు తవ్వించాలి. ఈ వరసంతా ఒకసారి తలుచుకుంటే గాని ఈమధ్య ఆయనకి అన్నం సహించడం లేదు.

గట్టు చివరున్న మేడలోంచి భార్య కుమారి గబగబా వచ్చింది. పురిటికొచ్చిన కూతురు రాధిక రెండు నెలల కొడుకుతో ఇక్కడే ఉంది. తల్లికి పాలు చాలక పిల్లాడికి డబ్బాపాలు పడుతున్నారు. శ్రీకాకుళం ఆస్పత్రిలో నాలుగు రోజులుంచితే కోలుకున్న పిల్లాడు ఇంటికొచ్చి వారం కాకుండానే మళ్ళీ వాడిపోయాడట. కారు కావాలంది. కారు లాయరు దగ్గరికి వెళ్ళాలనీ, పిల్లాడి సంగతి రేపు చూద్దామనీ అన్నాడాయన.

"ఆ కూర్మయ్య ఏడుపే తగిలింది గుంటడికి," అంది కుమారి, మడి వైపు చూస్తూ.

ఆ మాట నరసింగరావుకి బాగా పట్టేసింది. పసివాణ్ణి కూడా వదలలేదన్నమాట వీడు. కేసు ఒక్కటి చాలదు, రెండు వేయాలనుకున్నాడు.

దేవేంద్ర సీసాలు తెచ్చిచ్చాడు. యమున మూతల మీద సీలు వేసి, నరసింగరావు, కూర్మయ్య ఇద్దరి చేతా సంతకాలు పెట్టించుకుని, వాటిని ఐసుపెట్టెలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

పన్నెండు రోజుల తర్వాత ఇద్దరినీ తాసీల్దారు ఆఫీసుకి పిలిచారు. నరసింగరావు లాయరు కాగితాలు సంచీలో పెట్టుకునే వెళ్ళాడు. యమున రిపోర్టు చదివింది. మూడో చెరువు నీళ్ళలో నైట్రేటు తాగే నీళ్ళకి ఉండాల్సిన దానికి నాలుగు రెట్లుంది. పెంట తాలూకు క్రిములూ ఉన్నాయి. ఈ నీళ్ళు నేలలోకి ఇంకుతున్నాయి కాబట్టి చెరువులు మూయించమని రాస్తున్నానంది.

నరసింగరావుకి ఒళ్ళు మండిపోయింది. అవి చెరువు నీళ్ళు కావని అరవాలనిపించింది. అరిస్తే నీళ్ళు మార్చానని తనే ఒప్పుకున్నట్టు.

యమున కూర్మయ్య వైపు తిరిగింది. "ఇలాంటి నీళ్ళు పెద్దవాళ్ళు ఎలాగో తట్టుకుంటారు. చంటిపిల్లలకి పాలపొడి కలిపి పట్టారంటే ప్రాణం మీదికొస్తుంది. మీ ఇంట్లో పసివాళ్ళెవరైనా ఉన్నారా?"

"లేరమ్మా. ఉంటే నాను నాలుగర్జీలతో ఊరుకుందునేటి," అన్నాడు కూర్మయ్య.

ఆ మాటలేవీ నరసింగరావు చెవికెక్కలేదు. ఆయన బుర్రలో దేవేంద్ర ఒక్కడే తిరుగుతున్నాడు. డబ్బా నీళ్ళు పారబోసి చెరువు నీళ్ళే పట్టి ఉంటాడు. పదేళ్ళు తన ఉప్పు తిని కూర్మయ్యకి అమ్ముడుపోయాడు. వాణ్ణి పెళ్ళాం పిల్లలతో సహా కట్టుబట్టలతో గట్టు దింపాలి. ఏ చెరువు మీదా పని దొరక్కుండా చేయాలి. తిరిగొచ్చి, కారు దిగి నేరుగా మూడో చెరువు దగ్గరికి నడిచాడు.

దేవేంద్ర తెప్ప మీదికి తవుడు ఎత్తుకుంటున్నాడు. నరసింగరావు వెళ్ళి చొక్కా పట్టుకున్నాడు.

"ఒరే, ఆ సీసాల్లో సెరువు నీళ్ళే పట్టీసినావు. కూర్మయ్య ఏటిచ్చాడు నీకు?"

"అమ్మతోడు బాబు. సెరువు నీళ్ళు సుక్క తగల్లేదు. మీరు సెప్పినట్టే డబ్బాలోవి వొంపినాను."

మేడ మీంచి కుమారి కేకేసి చెప్పింది. పిల్లాడు లేచాడట, ఇవాళ ఆగకుండా సీసాడు పాలూ తాగేశాడట. నరసింగరావు అటు తిరక్కుండానే సరేనన్నట్టు చెయ్యి ఊపాడు. రెండో చెయ్యి చొక్కా వదల్లేదు.

"డబ్బాలో ఏ నీళ్ళు పోసినావురా? నిజం సెప్పు."

"మంచినీళ్ళు పట్టమన్నారు గదా," అన్నాడు దేవేంద్ర, ఊపిరాడక మేడ వైపు చెయ్యి చూపిస్తూ.

"మనింటి బోరు నీళ్ళే బాబు."