వరహాలమ్మ సినిమా రిలీజు

విజయవాడ గాంధీనగర్‌లో భుజంగరావుకు సినిమాల పంపిణీ కంపెనీ ఉండేది. పెద్ద కంపెనీలు ముట్టుకోని చిన్న సినిమాలనే ఆయన ఏరి కొనేవాడు. అలా కొన్న ఓ దర్జీ కథ అరవై థియేటర్లలో వంద రోజులు ఆడింది. ఆ తర్వాత ఆయన కారు ఆగితే థియేటర్ల యజమానులే ఎదురొచ్చి తలుపు తీసేవారు.

అంతలో ఇంటింటికీ సినిమా యంత్రం వచ్చింది. పొద్దున కథ చెప్పి పొయ్యి వెలిగిస్తే, అన్నం ఉడికేలోపు సినిమా తయారు. ఎవరు చెబితే వాళ్లే హీరో. ఒకే ఇంట్లో నలుగురూ నాలుగు సినిమాలు చూసుకోవడం మొదలయ్యాక థియేటర్లు పెళ్లిమండపాలయ్యాయి. భుజంగరావు బోర్డు దించేశాడు.

ఓ రోజు ఎదురింటి వరహాలమ్మ వచ్చింది.

"అన్నయ్యగారూ, నేనూ ఓ సినిమా చేశానండి. మా ఇంట్లో ఎవరిది వాళ్లు చూసుకోడానికే తీరట్లేదు. మీరు రిలీజు చేసిపెట్టరూ?"

ఆయనకు పాత హుషారు పొంగుకొచ్చింది. ఊళ్లో మిగిలిన ఒక్క థియేటర్నీ మాట్లాడి, పోస్టర్లు తనే అంటించాడు. ఆదివారం మ్యాట్నీకి వీధి చివరిదాకా జనం! కళ్లు తుడుచుకుంటూ గేటు తీశాడు.

"నాది ఎప్పుడు వేస్తారండీ?" అన్నాడు ముందున్నాయన. వెనకవాళ్లూ ఎవరి సినిమా వాళ్లు పట్టుకునే వచ్చారు.

"మరి వరహాలమ్మగారిది ఎవరు చూస్తారయ్యా?"

"మీరున్నారుగా!" అన్నారంతా.

ఆయన లోపలికెళ్లి వరహాలమ్మ పక్కన కూర్చున్నాడు. తెర మీద ఆవిడ తుపానులో విమానం దించుతోంది. భుజంగరావు రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని ఈల వేశాడు.

వరహాలమ్మ తెర వదిలి ఆయన వైపు తిరిగింది.

"ఆ ఈల ఇంకోసారి వెయ్యండి అన్నయ్యగారూ" అంది.