ఒక్క తల తేడా

ఈ ప్రాంతపు మహానగరాల జాబితా ఆ రోజే వెలువడింది. జనాభాలో బావగారి నగరం మొదటిది, బావమరిది నగరం రెండోది. తేడా అక్షరాలా ఒక్క మనిషి.

"ఊరంతా కలిసి ఇంకొక్కణ్ణి కనలేకపోయారట్రా?" అన్నారు చుట్టపుచూపుగా వచ్చిన బావగారు, సోఫాలో కాలు మీద కాలేసుకుని.

ఇంటింటికీ తిరిగి చెప్పులరగదీసి తన ఊరి జనాభా రాసినవాడు బావమరిదే. ఇస్త్రీపెట్టె తీసి బావగారి నెత్తిన మూడుసార్లు మోదాడు. గోడంతా నెత్తురు చిమ్మింది.

"ఇప్పుడు సమానం, బావా!" అన్నాడు రొప్పుతూ.

బావగారు ఎర్రటి పళ్ళతో నవ్వారు. "జనాభా లెక్కల రాత్రి మీ ఇంట్లోనే ఉన్నాను కదరా. ఎవరెక్కడ పడుకుంటే అక్కడే రాయాలని, నువ్వే నన్ను మీ ఊళ్ళో రాశావు."

అంతటితో కన్నుమూశారు. తేడా ఇద్దరికి పెరిగింది.