పాప పెదవుల రంగు

"ఆంటీ, ఈ మూడో సాఫ్ట్‌వేరే కొనండి. ఇందులో మా పాప బుగ్గలు ఎంత ఎర్రగా ఉన్నాయో చూడండి," అన్నాడు తమాటి.

న్యూజిలాండ్‌లోని డనీడిన్‌లో ఊపిరి లేకుండా పుట్టిన పసికందులకు ఫొటోలు తీసి, ఉచితంగా ఇస్తుంది గ్లెనిస్. ఫొటోలు సరిచేసే సాఫ్ట్‌వేర్ కొనాలని మూడింటిని పరీక్షిస్తోంది; కెమెరాలోని ముడి ఫొటో ఒక్కోదానిలో ఒక్కో రంగులో తెరుచుకుంటోంది. మొదటిదానిలో తమాటి కూతురి పెదవులు నీలంగా ఉన్నాయి.

"అసలు రంగు ఏది ఆంటీ?" తమాటి భార్య మెరెయానా అడిగింది.

"ముడి ఫొటోలో తేలదమ్మా. ఒక్కో సాఫ్ట్‌వేర్ తన లెక్క ప్రకారం రంగు తేలుస్తుంది. మూడు రోజులుగా చూస్తున్నా, నాకూ గుర్తు రావట్లేదు."

"నాకు గుర్తుంది. ఈ నీలమే."

"అదొద్దు! రేపు గోడకి పెట్టుకోవాలి. మన పాప అలా లేదు," తమాటి గొంతు పెంచాడు.

"నువ్వు చూశావా?" మెరెయానా మెల్లగా అంది. "అయిదు గంటలు నా ఒళ్లోనే ఉంది. నువ్వు ఆసుపత్రి వరండా దాటి లోపలికి రాలేదు."

గ్లెనిస్ నీలం పెదవుల ఫొటో ఒక్కటే ఉంచి, మిగతా రెండూ మూసేసింది.

తమాటి కుర్చీని కంప్యూటర్ తెర దగ్గరికి జరుపుకున్నాడు.

"కాస్త పెద్దది చెయ్యండి ఆంటీ. ముక్కు ఎవరి పోలికో చూస్తాను."