తొలి చేప

చేప నోట్లో మంచు ముక్క ఇంకా కరగలేదు. ఆంబ్రోస్ దాన్ని వేలితో బయటికి లాగి నదిలోకి విసిరేశాడు. రాతి చాటున మోకాళ్ల మీద కూర్చుని చేపను మూడుసార్లు నీళ్లలో ముంచి, పొడుగాటి కర్రకు కట్టిన వలలో వేశాడు. ఆ తర్వాత కాసేపు ఊరికే కూర్చున్నాడు. మరీ తొందరగా పట్టేసినా ఎవరూ నమ్మరు కదా.

ఏటా తొలి సాల్మన్ చేపను పట్టేవాడు పొద్దున్నే చన్నీళ్ల స్నానం చేసి, ఎవరితోనూ మాట్లాడకుండా ఒంటరిగా నదికి వెళ్లాలి. అది ఊరి కట్టుబాటు. దొంగపనికి ఇంత అనువైన కట్టుబాటు ఇంకోటి ఉండదని ఆంబ్రోస్‌కు నాలుగేళ్ల కిందట తెలిసింది.

అంతకు నాలుగేళ్ల ముందు ఎగువన రాగి గని వాళ్ల మురుగు చెరువు కట్ట తెగింది. బూడిదరంగు బురద మూడు రోజులపాటు నదిలో పారింది. చేపలు గుడ్లు పెట్టే గులకరాళ్ల సందులన్నీ పూడిపోయాయి. అప్పటికే ఈ నదిలో పుట్టి సముద్రంలో పెరుగుతున్న చేపలు మూడేళ్లు తిరిగి వచ్చాయి. నాలుగో ఏడు ఒక్కటీ రాలేదు.

తొలి చేప పడేదాకా ఊరి పెద్దదిక్కు పస్తుండాలి. ఆ పెద్దదిక్కు ఆంబ్రోస్ పెద్దమ్మ డెల్ఫిన్. ఎనభై రెండేళ్ల మొండి మనిషి. ఆ ఏడు దుప్పటి కప్పుకుని ఒడ్డున ఐదు రోజులు మంచినీళ్ల మీదే కూర్చుంది. ఆ సంగతి రేడియోలో కూడా చెప్పారు. ఎవరు బతిమాలినా వినలేదు. ఆరో రోజు ఏం చెయ్యాలో తోచక ఆంబ్రోస్ హైవే మీది పెట్రోలు బంకు దాకా వెళ్తే, దేవుడు పంపినట్టు అక్కడ కర్టిస్ కనిపించాడు. తెల్ల ట్రక్కు, వెనక మంచు పెట్టె, ఎర్ర టోపీ, మాటకు ముందు నవ్వు. సముద్రతీరం నుంచి చేపలు తెచ్చి అమ్ముకుంటున్నానన్నాడు.

అప్పటి నుంచి ఏటా సరిగ్గా ఆ వారానికి వస్తున్నాడు. పెంపకం చేపలకు వీపు మీది చిన్న రెక్క కత్తిరించి ఉంటుంది. ఊళ్లో చంటిపిల్లలు కూడా ఇట్టే గుర్తుపడతారు. కర్టిస్ మాత్రం రెక్క ఉన్న చేపనే తీసి ఉంచేవాడు.

"నీకోసమే దాచానన్నా," అనేవాడు. బేరమాడే అవసరమే ఉండేది కాదు. పోనీలే, మంచివాడు అనుకునేవాడు ఆంబ్రోస్.

ఈసారీ చేపను ఫర్ చెట్టు కొమ్మల మీద పెట్టుకుని ఊళ్లోకి తెచ్చాడు. డోలు మోగింది. పెద్దమ్మ దాన్ని నిప్పుల మీద కాల్చి అందరికీ తలా ఒక ముక్క పెట్టింది. ఒక్క ముల్లు కూడా పోకుండా ఏరి నదికి తిరిగి ఇచ్చారు. హమ్మయ్య, ఈ ఏడు గడిచింది అనుకుంటుండగా ఊరి ఆఫీసు వాళ్లు గని వాళ్లు పంపిన కరపత్రం ఒకటి ఇంటింటికీ పంచారు. నదిలోకి ఇంకా ఎక్కువ మురుగు వదలడానికి గని వాళ్లు అనుమతి అడుగుతున్నారు. మర్నాడే బడిలో విచారణ. కరపత్రం మీద పోయినేటి ఫొటో ఉంది. చేపను ఎత్తి పట్టుకున్న పెద్దమ్మ, పక్కన ఇకిలిస్తూ ఆంబ్రోస్. కింద పెద్ద అక్షరాలతో, 'నది ఆరోగ్యంగా ఉంది, చేపలు వస్తున్నాయి' అని.

ఆంబ్రోస్ కరపత్రం మడిచి జేబులో పెట్టుకున్నాడు. నిజం చెబితే పెద్దమ్మ ఊళ్లో తలెత్తుకోలేదు. చెప్పకపోతే నది దక్కదు. అడకత్తెరలో పోకచెక్కలా ఆ మధ్యాహ్నమంతా నలిగాడు. చివరికి చేపలు పొగబెట్టే పాక దగ్గరున్న పెద్దమ్మ ముందు కూలబడి ఉన్నదంతా కక్కేశాడు.

ఆవిడ కళ్లు కూడా ఎత్తలేదు.

"మొదటి ఏడే తెలుసురా నాకు. మన చేప అంత దూరం ఎదురీది వచ్చేసరికి కొవ్వంతా కరిగి ఎండుకట్టె అవుద్ది. నువ్వు తెచ్చింది నిప్పుల మీద పెడితే బొటబొటా నూనె కారింది."

"మరెందుకు ఊరుకున్నావు పెద్దమ్మా?"

"నేను తినట్లేదని నువ్వూ మానేశావుగా. నా పస్తు నాకు లెక్క కాదు. నీ మొహం చూడలేకపోయా. ఒకసారి మింగాక మళ్లీ ఎట్టా కక్కేది?"

ఊళ్లో మిగతా ముసలాళ్ల నాలుకలకు తెలియకుండా ఉంటుందా? పెద్దమ్మ మింగాక ఎవరు నోరెత్తుతారు? ఆంబ్రోస్‌కు ఏడుపొచ్చింది. ఆవిడ వీపు నిమిరింది. రేపు అందరి ముందూ చెప్పెయ్యమంది, తనూ పక్కనే నిలబడతానంది. పోయే పరువేదో ఇద్దరిదీ కలిసే పోతుందని నవ్వింది కూడా.

"కానీ ఉత్త మాట నమ్మరురా. తిన్నన్నాళ్లు తిని ఇప్పుడు బుకాయిస్తున్నారంటారు. అమ్మినవాణ్ణి పట్టుకురా. వాడొచ్చి చెబితే ఇక నోరెత్తరు."

ఆంబ్రోస్ మనసు నాలుగేళ్లలో మొదటిసారి తేలికపడింది. నేరుగా బంకుకు వెళ్లాడు. ట్రక్కు లేదు. బంకు నడిపే మార్లీన్‌ను ఆ చేపల వ్యాపారి ఎక్కడుంటాడని అడిగాడు. ఇక్కడ చేపలమ్మేవాళ్లు ఎవరూ లేరందామె. తెల్ల ట్రక్కు, ఎర్ర టోపీ, మాటకు ముందు నవ్వు అంటూ ఆనవాళ్లు చెప్పాడు. పేరు కర్టిస్ అన్నాడు. విచారణలో అతను మా తరఫున సాక్ష్యం చెప్పాలి, ఎలాగైనా పట్టుకోవాలి అన్నాడు.

మార్లీన్ అతని మొహంలోకి వింతగా చూసింది.

"కర్టిస్ మీ తరఫున చెప్పడమేంటి ఆంబ్రోస్? అతను గని మనిషి కదా."