మూడో పట్టీ

"కదలకయ్యా! రెండ్రోజులు ఓర్చుకున్నావు, రెండు నిమిషాలు ఆగలేవా?" అంది భార్య.

దురదకి సెలూనాయన స్టూలు మీద కుదురుగా కూర్చోలేకపోతున్నాడు. అతని వీపు మీద అంటించిన పట్టీలను డాక్టరమ్మ ఊడదీస్తోంది. ఏ పట్టీ కింద చర్మం కందితే, అందులో పెట్టిన వస్తువే అతని వేళ్లు పగలడానికి కారణం.

"మొదటిదే కదూ? ఈవిడ బట్టల సబ్బు! ఆర్నెల్లుగా మొత్తుకుంటున్నాను."

ఆ మొత్తుకోళ్లు పడలేక ఆమె నాలుగు సబ్బులు మార్చింది.

"సబ్బు కాదు. షేవింగ్ క్రీమూ కాదు. మూడోదే బాగా పొంగింది," అంది డాక్టరమ్మ.

"మూడోదా? నేను తెచ్చినవి రెండే!"

"మూడోది నేనిచ్చాను. నీ షాపులో తలకేసే రంగు," అంది భార్య.

గోక్కోబోయిన చెయ్యి గాల్లోనే ఆగింది. గ్లౌజులు తొడిగితే వచ్చినవాళ్లు చిన్నబుచ్చుకుంటారని, ఇరవయ్యేళ్లుగా ఆ రంగు ఒట్టి చేతులతోనే కలుపుతున్నాడు.

"ఇక రంగు ముట్టుకోకూడదు," అంది డాక్టరమ్మ.

ఇప్పుడు భార్య దులిపేస్తుందనుకున్నాడు. ఆమె సబ్బు ఊసే ఎత్తకుండా చొక్కా అందించింది. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంచి, నెలనెలా తను రంగేసే ఆమె పాపిట వైపు చూశాడు.

"మరి నీ తలకెవరేస్తారే?"

"నెరిస్తే నెరవనీ. ముందు ఆ చెయ్యి దించు."